దత్తత బిడ్డకు ఇంట్లో చోటు, తన తీరుకు మన్నన

బిడ్డ ఇంటికొచ్చిన వారానికే చుట్టాలందరినీ పిలిచి భోజనాలు పెట్టాలని తిరుపతి ఇళ్లల్లో అవ్వాతాతలు తొందరపడతారు. ఆ భోజనాలను కనీసం రెండు నెలలు వెనక్కి జరపండి. దత్తతకు ముందు బిడ్డ ఉండే ఆశ్రమంలో, అంటే శిశుగృహలో, ఆయాలు షిఫ్టుల వారీగా మారుతుంటారు. అక్కడ బిడ్డను ఎత్తుకున్న ప్రతి చెయ్యీ కాసేపటికి వెళ్లిపోయేదే. ఈ అమ్మానాయనలు వెళ్లిపోరని ఆ బిడ్డకు నమ్మకం కుదరాలంటే, మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు అన్నం పెట్టడం, నీళ్లు పోయడం, నిద్రపుచ్చడం ఈ మూడూ మీ చేతుల మీదుగానే జరగాలి. సాయం చేస్తామన్న బంధువులకు వంట, బట్టలు, బజారు పనులు అప్పజెప్పండి. ఎత్తుకోవడం మాత్రం తర్వాత.

ఎవరు చేతులు చాపినా నవ్వుతూ వెళ్లిపోయే బిడ్డను చూసి 'ఎంత కలివిడి పిల్లో' అని అప్పుడే మురిసిపోవద్దు. తనవాళ్లెవరో ఇంకా తెలియని బిడ్డ కూడా అలాగే వెళ్తుంది. కింద పడినప్పుడు, కొత్త చప్పుడుకు బెదిరినప్పుడు మిమ్మల్ని వెతుక్కుంటోందా అన్నది గమనించండి. వెతుక్కోవడం మొదలయ్యాక వేడుక పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా మొదటిసారి పది పన్నెండు మందికి మించొద్దు. మధ్యాహ్నం నిద్ర లేచాక గంటన్నర చాలు. ఆశ్రమం నుంచి వచ్చిన దుప్పటి, గౌను, బొమ్మ ఏదున్నా వెంటనే ఉతకొద్దు. కొత్త ఇంట్లో తనకు తెలిసిన వాసన అదొక్కటే.

తిరుమల మొక్కుకూ ఇదే మాట. కంపార్టుమెంట్లలో గంటల తరబడి జనం మధ్య కూర్చోవడం కొత్తగా వచ్చిన బిడ్డకు భయం. ముందు మామూలు రోజు పొద్దున్నే కపిలతీర్థానికో గోవిందరాజస్వామి గుడికో తీసుకెళ్లి, అరగంటలో ఇంటికి వచ్చేయండి. కొండకు కొన్ని నెలలు ఆగి వెళ్లొచ్చు. మూడేళ్లు దాటిన బిడ్డయితే గుండు విషయం తనను అడగాలి. ఆశ్రమంలో పేలు పట్టాయని అడక్కుండా జుట్టు తీసేసి ఉంటే, మళ్లీ కత్తి చూడగానే అది శిక్ష అనుకుంటుంది. వద్దంటే మూడు కత్తెరలతో సరిపెట్టుకోవచ్చు, మొక్కు తీరుతుంది.

చోటు తెలిసేది ఎక్కడ

మన ఇళ్లల్లో ఎవరు ఎవరి బిడ్డో తెలిసేది పేరు ఎక్కడ చదివారు, ఎవరి ఒడిలో కూర్చోబెట్టారు, సారె ఎవరు తెచ్చారు అన్నవాటిలో. దత్తత వేడుక అని బ్యానర్ కట్టడం కన్నా ఇవి పదింతలు పనిచేస్తాయి. అర్చన చేయించినప్పుడు మీ గోత్రంతో పాటు బిడ్డ పేరు అందరి పేర్ల వరుసలోనే చెప్పండి. చెవులు కుట్టించేటప్పుడు మేనమామ ఒడిలోనే కూర్చోబెట్టాలి. ఆయనకు నెల ముందే చెప్పండి. ఓణీల వేడుకకూ పెళ్లికీ సారె తేవలసింది కూడా ఆయనే అని మనసు విప్పి మాట్లాడుకోండి. మనసులో తటపటాయింపు ఉంటే బలవంతం వద్దు, ఇంకో మేనమామను అడగండి. అయిష్టంగా పట్టుకున్న ఒడి బిడ్డకు తెలిసిపోతుంది. పెళ్లి శుభలేఖల్లో 'చిరంజీవులు' వరుసలో బిడ్డ పేరు జారిపోతే అచ్చుకు ముందే సరిచేయించండి. ప్రూఫు మీరే చూడటం మేలు.

హాల్లో ఫొటోల గోడ కూడా చూసుకోండి. నాలుగేళ్లకు వచ్చిన బిడ్డకు పసిప్పటి ఫొటో ఉండకపోవచ్చు. పక్కన చిన్నాయన పిల్లల ఉయ్యాల ఫొటోలు వేలాడుతుంటే రోజూ ఆ ఖాళీ కనిపిస్తుంది. బిడ్డ వచ్చాక తీసిన ఫొటోలతో గోడంతా కొత్తగా సర్దండి. అన్నీ ఒకే సైజు ఫ్రేములు కావాలి. తన ఫొటో ఒక్కటే పెద్దది చేసి నడిమధ్య పెట్టినా వేరు చేసినట్టే.

ఎవరి పోలిక?

ఈ ప్రశ్న ప్రతి పెళ్లిలో వస్తుంది. 'తన పోలిక తనదే, చూడండి ఎంత శ్రద్ధగా పూలు మాలకడుతోందో' అని బిడ్డ వినేటట్టు చెప్పండి. పొగడ్త అందం మీద కాకుండా, అప్పుడు చేస్తున్న పని మీద ఉండాలి. 'పుణ్యం చేసుకున్నారు' అనే వాళ్లకు 'మాకు బిడ్డ కావాలి, బిడ్డ వచ్చింది' అంటే చాలు. పుణ్యం మాట వింటూ పెరిగిన బిడ్డ తాను ఎప్పుడూ రుణపడి ఉండాలని అనుకుంటుంది. కోపం చూపించడానికి కూడా జంకుతుంది.

బిడ్డ తీరు తెలుసుకోవడానికి ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టండి. రోజూ అక్కర్లేదు, ఆదివారం పది నిమిషాలు. ఆ వారం తనంతట తాను ఏ ఆట ఎంచుకుంది, ఏం తినకుండా పక్కకు నెట్టింది, దేనికి నవ్వింది, దేనికి చెవులు మూసుకుంది అని కంటికి కనిపించింది మాత్రమే రాయాలి. 'మొండిది' అని రాయొద్దు. 'చెప్పులు తానే వేసుకోవాలని ఇరవై నిమిషాలు కూర్చుంది' అని రాయండి. మూడు నెలలకు చదివితే తీరు కనిపిస్తుంది. దాన్ని బట్టి ఇంట్లో ఒక పని తనది చేయండి. సర్దడం ఇష్టపడే బిడ్డకు పూజ గదిలో పూలగంప, విప్పి చూసే బిడ్డకు టార్చిలైటు బ్యాటరీలు మార్చే పని. జంతుప్రదర్శనశాలలో గంటసేపు ఒకే పక్షి ముందు నిలబడే బిడ్డను తొందరపెట్టొద్దు. గంగమ్మ జాతరలో వేషం కట్టాలని ఉబలాటపడే బిడ్డకు బుగ్గకు చుక్క, తలకు వేపమండ పెట్టండి. డప్పులకు బెదిరే బిడ్డ మిద్దె మీద నుంచి చూస్తే చాలు. ఇంట్లో అందరూ సంగీతం నేర్చినవాళ్లే కాబట్టి తనూ నేర్వాలని పట్టుబట్టడం చాలా ఇళ్లల్లో జరిగే పొరపాటు. బిడ్డ అది నేర్చుకోకపోతే లోపాన్ని పుట్టుకకు అంటగడతారు.

దత్తత కోసం ఎదురుచూసేవాళ్ల వరుస దేశమంతటికీ ఒకటే కాబట్టి ఒడిశా నుంచో బీహార్ నుంచో బిడ్డ రావచ్చు. తనకు తెలిసిన పదాలు ఓ ముప్పై మీరు నేర్చుకోండి. నీళ్లు, నొప్పి, భయం, నిద్ర, చాలు అన్నవి ముందు. తనకిష్టమైన కూరొకటి ఉగాదికో సంక్రాంతికో ఓళిగల పక్కన వండండి. పిలిస్తే పలికే వయసు బిడ్డకు పేరు మార్చొద్దు. ఇంటిపేరు చేర్చండి, తాత పేరు పెట్టాలనుంటే రెండో పేరుగా పెట్టండి.

తన కథ తనకు

దత్తత అన్న మాట బిడ్డకు అర్థం కాకముందే ఇంట్లో వినిపించాలి. రెండేళ్లప్పుడు 'నువ్వు ఇంకో అమ్మ కడుపులో పెరిగి పుట్టావు, తర్వాత మన ఇంటికి వచ్చావు' అంటే చాలు. ఆరేడేళ్లకు ఎందుకు అని అడుగుతుంది. తెలిసింది చెప్పండి, తెలియనిది 'మాకూ తెలియదు' అనండి. 'ప్రేమతోనే వదిలింది' అనొద్దు, ప్రేమించేవాళ్లు వదిలేస్తారని మీ మీదే బెంగపెట్టుకుంటుంది. 'అందరిలో నిన్నే ఎంచుకున్నాం' అన్నా, ఎంచుకున్నవాళ్లు వద్దనుకోగలరన్న అనుమానం వస్తుంది.

నారాయణవనం ఆకాశరాజుకు యజ్ఞం కోసం దున్నిన నేలలో, తామరలో దొరికిన పాప పద్మావతి. కొండమీది శ్రీనివాసుడిని పెంచిన అమ్మ వకుళాదేవి. తిరుపతి దగ్గరి పేరూరుబండ మీద ఆమె గుడికి 2022లో మహాసంప్రోక్షణ జరిగింది, బిడ్డను తీసుకెళ్లి కథ చెప్పండి. అయితే దేవుళ్ల కథను బిడ్డ సొంత కథ స్థానంలో పెట్టొద్దు. తనూ అందరిలాగే ఒక తల్లి కడుపున పుట్టింది. పువ్వులో దొరికావని చెబితే పదేళ్లకు నమ్మకం పోతుంది.

కథ పుస్తకానికి ప్లాస్టిక్ కవర్ల ఫైలు ఒకటి తీసుకోండి. మొదటి పేజీ 'పుట్టావు' అని ఉండాలి. ఆశ్రమంతో మొదలుపెడితే అంతకు ముందు తనకు బతుకే లేనట్టుంటుంది. తర్వాత పుట్టిన ఊరు, ఆశ్రమం ఫొటో, అక్కడి ఆయా పేరు, టీకాల కార్డు నకలు, ఇంటికి వచ్చిన రోజు. అన్నీ నకళ్లే పెట్టండి. మిషన్ రసీదుల మీద అక్షరాలు రెండు మూడేళ్లలో చెరిగిపోతాయి, ముందే జిరాక్సు తీయించండి. బాధ కలిగించే వివరాలు విడి కవరులో ఉంచి, వయసు వచ్చాక ఇవ్వండి. ఆ వివరాలు బంధువులకు చెప్పకండి. తన కథ తనకన్నా ముందు అత్తకు తెలిసి ఉండటం బిడ్డను నొప్పిస్తుంది.

ఇంటికి వచ్చిన రోజును ఏటా జరుపుకోవాలా? మొదటి రెండేళ్లు పాయసంతో సరిపెట్టి, ఐదారేళ్లకు తననే అడగండి. కొందరికి ఆ రోజు సంతోషంతో పాటు దిగులు కూడా తెస్తుంది. పుట్టినరోజు మాత్రం వదలొద్దు. వదిలేయబడిన పిల్లలకు డాక్టరు అంచనా వేసిన తేదీయే దత్తత ఉత్తర్వులో ఉంటుంది. కేకు కోసే తేదీ అదే.

కాగితాలు

బాలల న్యాయ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందు కాగితాల్లో చిత్తూరు జిల్లా అనో నెల్లూరు జిల్లా అనో ఉంటుంది, అది తప్పు కాదు. ఉత్తర్వును బట్టి మీ పేర్లతో జనన ధ్రువపత్రం వస్తుంది. బడికి, రేషన్ కార్డుకు, ఆధార్‌కు అదే ఇవ్వండి, ఉత్తర్వు నకలు ఊరికే పంచొద్దు. ఆధార్ వేలిముద్రలు ఐదేళ్లకు ఇవ్వాలి, పదిహేనేళ్లకు మళ్లీ ఇవ్వాలి. ఆస్తి గురించి గొణిగేవాళ్లకు బాలల న్యాయ చట్టం 63వ సెక్షన్ జవాబు. ఉత్తర్వు తేదీ నుంచి వారసత్వంతో సహా అన్నిటికీ దత్తత బిడ్డ మీ బిడ్డే.

బడిలో కుటుంబ వృక్షం గీయమంటే, కొమ్మల్లో మీ ఇల్లు, వేళ్లలో తాను పుట్టిన కుటుంబం గీయొచ్చని టీచరుకు ముందే చెప్పండి. గీయాలా వద్దా అన్నది బిడ్డ ఇష్టం. తన మూలాలు వెతకాలనుకుంటే పద్దెనిమిది నిండాక తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, అంతకు ముందు మీతో కలిసి పెట్టాలి. మూడో మనిషి పెట్టడానికి వీల్లేదు. కన్నవాళ్లు కలవడానికి ఒప్పుకోకపోవచ్చు అన్న మాట కూడా దరఖాస్తుకు ముందే చెప్పి ఉంచండి.