బ్లాస్ట్ అనాలిసిస్: రన్ నొక్కే ముందు జాగ్రత్తలు

పేలుడు తాకిడికి కట్టడం నిలుస్తుందో లేదో సాఫ్ట్‌వేర్‌లో లెక్కకట్టడమే బ్లాస్ట్ అనాలిసిస్. తెర మీద పచ్చరంగులో ‘ఓకే’ వస్తే సరిపోదు. గోడ వెనక మనుషులుంటారు.

• ముందు యూనిట్లు, ముఖ్యంగా పేలుడు ఒత్తిడివి. 1 పీఎస్‌ఐ అంటే 6.895 కిలోపాస్కల్స్. ఇక్కడ తప్పితే మిగతా లెక్కంతా వృథా.

• డక్టిలిటీ నిష్పత్తి అంటే గరిష్ఠ వంపును ఈల్డ్ వంపుతో (కడ్డీలు లొంగి, శాశ్వతంగా వంగడం మొదలయ్యే చోటి వంపుతో) భాగిస్తే వచ్చేది. కాంక్రీటుకు పగుళ్లు లేని సెక్షన్ (అడ్డుకోత) జడత్వమే, అంటే వంపును అడ్డుకునే గుణమే, ఇస్తే ఈల్డ్ వంపు తగ్గి, నిష్పత్తి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. యూఎఫ్‌సీ 3-340-02 (పేలుళ్లను తట్టుకునే కట్టడాలకు అమెరికా రక్షణ శాఖ ప్రమాణం) పగిలిన, పగలని సెక్షన్ల సగటు తీసుకోమంటుంది.

• సపోర్టు దగ్గర తిరిగే కోణాన్ని చేత్తో ఒకసారి లెక్కకట్టండి. రెండు వైపులా ఆనుకున్న 4 మీటర్ల స్లాబు మధ్యలో 70 మిల్లీమీటర్లు కుంగితే కోణం దాదాపు 2 డిగ్రీలు. అదే 70, అంతే పొడవున్న కాంటిలీవర్ (ఒక వైపే బిగించినది) కొనలో అయితే 1 డిగ్రీయే. సాఫ్ట్‌వేర్‌లో సపోర్టు రకం తప్పుగా ఎంచుకుంటే పట్టిచ్చేది ఈ చిన్న లెక్కే, దయచేసి దాటేయకండి.

• ఆ 2 డిగ్రీలు దాటనివ్వాలంటే స్టిర్రప్పులు (ప్రధాన కడ్డీలను పట్టి ఉంచే అడ్డ కడ్డీలు) ఉండాలి. అవి డ్రాయింగులో నిజంగా ఉన్నాయా? ఊహించుకోవద్దు.

• షియర్‌ను (అడ్డంగా కోసేసే బలాన్ని) విడిగా చూడండి. బెండింగ్‌కు ముందే షియర్‌లో తెగిపోయే దూలానికి డక్టిలిటీ హద్దుకు అర్థమే లేదు.

• టైమ్ స్టెప్‌ను (లెక్క ఒక్కో అడుగులో ముందుకు సాగే కాలాన్ని) సగం చేసి మళ్లీ నడపండి. గరిష్ఠ వంపు మారితే మొదటిది నమ్మొద్దు.

• రీబౌండ్‌కు (గోడ వంగాక ఎదురు దిశలో వెనక్కి ఊగడానికి) అవతలి ముఖంలో కడ్డీలు, యాంకర్లు సరిపోతాయో లేదో.