గుంటనక్క, కుందేలు ఫొటోలు తప్పిపోతుంటే: సమస్య - కారణం - పరిష్కారం

తుపాకీ, ఉచ్చు, వల పట్టుకుని గుంటనక్క, కుందేళ్ల జోలికి పోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక్కడ మాట్లాడేది కెమెరా గురించి మాత్రమే. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఏటూరునాగారం, పాకాల లాంటి దట్టమైన అడవుల్లో గుంటనక్క కోసం తిరిగి లాభం లేదు. దానికి తెరిపి నేల కావాలి. చెల్కలు, రాళ్ల గుట్టల పక్కన బీళ్లు, పత్తి ఏరేసిన చేన్లు, రేగుపొదలు ఉన్న చోట వెతకాలి. జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ వైపు నేలలు చాలావరకు ఇలాగే ఉంటాయి. తోక చివర నల్లగా, చెవులు పెద్దగా, ఒళ్లు సన్నగా ఉంటే గుంటనక్క. అంతకు రెండింతలకు పైగా బరువుండి బూడిద, గోధుమ రంగులు కలిసి కనిపిస్తే అది మామూలు నక్క. రెండింటి బెదురూ ఒకేలా ఉండదు కాబట్టి ముందు ఈ తేడా తెలియాలి.

జంతువు కనబడ్డాక సెట్టింగులు వెతుక్కోవడం వల్లే ఎక్కువ ఫ్రేములు పోతాయి. కెమెరాలో రెండు కస్టమ్ మోడ్‌లు (మీ సెట్టింగులను దాచుకునే చోట్లు) ముందే నింపి పెట్టుకోండి. కూర్చున్న జంతువుకు ఒకటి: షట్టర్ 1/640 సెకను, ఫోకస్ పాయింట్ చిన్నది. పరుగుకు రెండోది: షట్టర్ 1/2500, ఫోకస్ జోన్ పెద్దది, సెకనుకు 10 ఫ్రేములు లేదా కెమెరా ఇవ్వగలిగినంత. రెండింటిలోనూ అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్/5.6 - 6.3, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) ఆటో. ఐఎస్ఓ గరిష్ఠ పరిమితి ఫుల్‌ఫ్రేమ్‌ (పెద్ద సెన్సర్) కెమెరాలో 6400, ఏపీఎస్-సీ (అంతకంటే చిన్న సెన్సర్) కెమెరాలో 3200 దగ్గర పెడితే చాలు. ఎదురుచూసేటప్పుడు కెమెరా ఎప్పుడూ పరుగు మోడ్‌లోనే ఉండాలి. కూర్చున్న కుందేలును 1/2500తో తీస్తే కొంచెం నాయిస్ (గరుకు చుక్కలు) వస్తుంది. పరుగెత్తే కుందేలును 1/640తో తీస్తే ఫొటోయే ఉండదు.

సమస్య: ఫొటో మసకగా వచ్చింది

"మసక" అని ఒక్క మాటతో సరిపెడితే కారణం దొరకదు. ఫొటోను 100 శాతం పెద్దది చేసి మూడు చోట్ల చూడండి: కన్ను, కాళ్ల కింది నేల, ముందున్న గడ్డి.

నేల స్పష్టంగా ఉండి జంతువు ఒక్కటే చెదిరితే షట్టర్ వేగం చాలలేదు. సెకనుకు 10 మీటర్లు పరుగెత్తే జంతువు 1/500 సెకనులో 2 సెంటీమీటర్లు జరుగుతుంది. 1/2000లో జరిగేది అర సెంటీమీటరే. ఒంటికి 1/1600 సరిపోయినా కాళ్లు ఒంటికంటే వేగంగా కదులుతాయి కాబట్టి అవి చెదురుతాయి. పరుగుకు 1/2500 చెప్పింది అందుకే.

ఫ్రేము మొత్తం, నేలతో సహా, ఒకే దిక్కుకు సాగినట్టు ఉంటే చెయ్యి కదిలింది. మనిషి ఊపిరి, కారు ఇంజన్ అదురు, బటన్‌ను గట్టిగా నొక్కడం, ఈ మూడూ కారణాలే. కారులోంచి తీసేటప్పుడు ఇంజన్ ఆపేయండి. దళసరి గుడ్డసంచిలో 2 - 3 కిలోల బియ్యమో పెసలో పోసి, మూడో వంతు ఖాళీ ఉంచి కుట్టి, కిటికీ అంచు మీద వేసి లెన్స్‌ను దాని మీద ఆనించండి. సంచి నిండుగా ఉంటే లెన్స్ దొర్లిపోతుంది, ఖాళీ ఉంటే గింజలు జరిగి దాన్ని పట్టుకుంటాయి. వానాకాలంలో బియ్యం చెమ్మ పడుతుంది, అప్పుడప్పుడు మార్చాలి. ట్రైపాడ్ మీద పెడితే పాత లెన్సుల్లో స్టెబిలైజర్ (చెయ్యి అదురును సర్దే ఏర్పాటు) ఆపేయాలి. పక్కకు తిప్పుతూ తీసేటప్పుడు స్టెబిలైజర్‌కు మోడ్ 2 (పక్కకు తిప్పుతూ తీయడానికి ఉన్నది) ఉంటే అది వాడండి, మామూలు మోడ్‌లో ఉంచితే అది మీ కదలికతోనే కొట్లాడుతుంది.

గడ్డిపోచ స్పష్టంగా ఉండి జంతువు మెత్తబడితే ఫోకస్ తప్పింది. యాసంగి చివర్లో, ఎండుగడ్డి మోకాలెత్తు ఉన్నప్పుడు అన్నిటికంటే ఎక్కువగా తగిలే ఇబ్బంది ఇదే. పెద్ద జోన్ పెడితే కెమెరా దగ్గరున్న దాన్ని పట్టుకుంటుంది, దగ్గరున్నది గడ్డి. జంతువుల కన్ను గుర్తించే సౌకర్యం ఉన్న కెమెరాలు కూడా పోచలు మొహానికి అడ్డం వస్తే తడబడతాయి. ఇలాంటి చోట ఒకే చిన్న పాయింట్ పెట్టి కంటి మీద ఉంచండి. ఆటోఫోకస్ మొండికేస్తే లెన్స్ రింగును చేత్తో తిప్పి దగ్గరకు తెచ్చి మళ్లీ ఆటోకు వదలండి. లెన్స్ మీద ఫోకస్ పరిధి స్విచ్ ఉంటే దూరపు పరిధిలో పెట్టండి, కెమెరా ముందు పొదల్లో వెతుక్కుంటూ సెకన్లు పోగొట్టదు. ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనుక బటన్‌కు ఇవ్వడం అలవాటు చేసుకోండి. గడ్డి అడ్డం వచ్చిన క్షణం బొటనవేలు ఎత్తేస్తే ఫోకస్ ఉన్నచోటే నిలుస్తుంది.

ఫోకస్ ఎంత లోతు దొరుకుతుందో లెక్క తెలిస్తే జాగ్రత్త దానంతట అదే వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ మీద 500 ఎంఎం లెన్స్, ఎఫ్/6.3, 20 మీటర్ల దూరం అయితే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 60 సెంటీమీటర్లు. 10 మీటర్లకు వస్తే అది 15 సెంటీమీటర్లే. దగ్గరికి పోయినకొద్దీ కంటికి బదులు భుజం మీద ఫోకస్ పడటం ఇందుకే. గుంటనక్క మీకు ఎదురుగా చూస్తున్నప్పుడు ముక్కు మీద కాకుండా కంటి మీదే పాయింట్ ఉండాలి.

పాత డీఎస్ఎల్ఆర్‌ (లోపల అద్దం ఉండే కెమెరా)లో ప్రతిసారీ ఫోకస్ ముందుకో వెనక్కో ఒకే తీరుగా పడుతుంటే తప్పు మీది కాదు, లెన్స్‌కూ బాడీకీ పొత్తు కుదరలేదు. స్కేలును ఏటవాలుగా పెట్టి మధ్య గీత మీద ఫోకస్ చేసి తీసి, ఏ గీత స్పష్టంగా ఉందో చూసి మెనూలోని ఆటోఫోకస్ సర్దుబాటులో ఆ తేడాను సర్దండి.

సమస్య: కెమెరా ఎత్తేలోపే పారిపోతోంది

దీనికి లెన్స్ మార్చినా లాభం లేదు. పారిపోతున్న జంతువు ఫొటోలో వెనుకభాగమే వస్తుంది, అది బెదిరిందని చూసేవాళ్లకు కూడా తెలుస్తుంది. అలాంటి ఫ్రేము బాగా వచ్చినా తీసేయడమే మంచిది.

ఊళ్ల పక్కన ఉండే గుంటనక్కలు ట్రాక్టర్లకు, బైకులకు అలవాటు పడి ఉంటాయి, ఎందుకంటే అవి ఆగకుండా పోతాయి. ఆగిన బండికే అవి బెదురుతాయి. ఇంకా బెదిరేది తలుపు తెరుచుకున్నప్పుడు. దూరం నుంచే వేగం తగ్గించుకుంటూ వచ్చి, బండి దానంతట అదే ఆగేట్టు వదిలి, ఇంజన్ ఆపండి. బండి ముక్కు జంతువు వైపు ఉండకూడదు, పక్కవాటుగా ఉండాలి. కిందకు దిగవద్దు. 500 ఎంఎం లెన్స్ ఫుల్‌ఫ్రేమ్ మీద 20 మీటర్ల దూరంలో 1.44 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. తోకతో కలిపి మీటరుకు లోపుండే గుంటనక్కకు అది నిండైన ఫ్రేము. 40 మీటర్ల దగ్గర ఆగినా చుట్టూ బీడు కనబడే చక్కటి ఫొటో వస్తుంది. 10 మీటర్లకు పోవాలన్న ఆశే చాలామందికి ఉన్న ఫొటోను కూడా పోగొడుతుంది.

నడిచి పోతే సూటిగా పోకూడదు. దాని వైపు చూడకుండా, ఏటవాలుగా, మధ్యమధ్య ఆగుతూ పోవాలి. దాని చెవులు చూడండి. రెండు చెవులూ మీ వైపు తిరిగి, తవ్వడం ఆపి నిలబడిందంటే అక్కడే కదలకుండా ఆగాలి. చెవులు మళ్లీ అటూ ఇటూ తిరిగి తిండిలో పడితే ఇంకో నాలుగడుగులు. ఒళ్లు వంచి పక్కకు తిరిగిందంటే మీరు వెనక్కి రావాలి.

గాలి సంగతి చాలామంది మరిచిపోతారు. చిటికెడు దుమ్ము నడుము ఎత్తు నుంచి వదిలి అది ఎటు కొట్టుకుపోతుందో చూడండి. మీ మీదుగా జంతువు వైపు గాలి పోతుంటే ఎంత నక్కినా ఫలితం ఉండదు, చుట్టు తిరిగి రావాల్సిందే. వెలుతురు ఒక పక్క, గాలి ఇంకో పక్క అనుకూలంగా ఉన్నప్పుడు గాలినే ఎంచుకోండి. ఎదురు వెలుతురులో కూడా ఫొటో తీయొచ్చు, జంతువు లేని చోట ఏమీ తీయలేం.

కుందేలు కథ వేరు. పగటిపూట అది పొద కింద చిన్న గుంట చేసుకుని ముడుచుకుని ఉంటుంది, కాలు పడేంత దగ్గరికి వచ్చేదాకా కదలదు, తర్వాత వంకరటింకరగా దూకుతుంది. చెవులు వీపుకు అతుక్కుని, ఒళ్లు నేలకు కరుచుకుని ఉంటే అది నిద్ర కాదు, భయం. పగలు పొదలు తొక్కుతూ లేపడం మానేసి, సాయంత్రం మేతకు వచ్చే చోటు పట్టుకోండి. లేత గడ్డి, పెసర, పల్లి మొలకలున్న చేను ఒడ్డున గుండ్రటి పెంటికలు కనిపిస్తే అదే చోటు. పొద్దుగూకడానికి గంట ముందే వచ్చి, 25 మీటర్ల దూరంలో ఒడ్డుకు ఆనుకుని కూర్చోండి. పరుగు తీయాల్సి వస్తే జూమ్‌ను 300 ఎంఎంకు తగ్గించి, అది తిరిగే మలుపులకు ఫ్రేములో చోటు వదలండి. కొన్ని కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలు బటన్ నొక్కకముందు అర సెకను ఫ్రేములను కూడా దాస్తాయి. కుందేలు ఎగిరే మొదటి దూకుడు అందేది దానివల్లే.

సమస్య: బొరియ దగ్గర ఎంత కూర్చున్నా బయటికి రావడం లేదు

గుంటనక్క బొరియకు ఒకటికంటే ఎక్కువ దారులుంటాయి. మీరు ఒక రంధ్రం ముందు కూర్చుంటే అది ఇంకో రంధ్రం నుంచి పోతుంది. పిల్లలున్న కాలంలో, ఫిబ్రవరి నుంచి మే దాకా, ఇంకో ప్రమాదం ఉంది: మనిషి వాసన పదేపదే తగిలితే తల్లి పిల్లలను వేరే బొరియకు మోసుకుపోతుంది, ఆ దారిలో ఊరకుక్కల పాలయ్యేవి ఉంటాయి. ఈ కాలంలో బొరియకు 50 మీటర్ల లోపలికి పోకండి, పొద్దున్నే ఒక గంట, అంతే. బొరియ నోట్లో లైటు వేయడం, పొగ పెట్టడం, తిండి వేయడం అసలు పనికిరావు. చోటు పేరు, లొకేషన్ ఎవరికీ పంపకండి. ఫొటో ఫైలులో జీపీఎస్ ఉంటే తీసేసి పెట్టండి, దాన్ని చూసి వచ్చేవాళ్లలో ఉచ్చులు పెట్టేవాళ్లూ ఉండొచ్చు.

సమస్య: అన్నీ సరిగా పెట్టినా ఫొటో ఉడికిపోయినట్టు ఉంది

మార్చి దాటితే పొద్దున తొమ్మిది తర్వాత ఇది తప్పదు. వేడెక్కిన నేల నుంచి లేచే గాలి చూపును వంచుతుంది. వరసగా తీసిన పది ఫ్రేముల్లో ఒక్కోదాంట్లో ఒక్కో చోట మెత్తగా ఉంటే కారణం వేడిగాలే. నేలబారున పడుకుని తీస్తే ఇంకా ఎక్కువ, ఎందుకంటే చూపు ఆ గాలి పొర గుండానే పోతుంది. తారు రోడ్డు మీదుగా తీయవద్దు. దూరం తగ్గించలేకపోతే ఆ రోజుకు ఆపేయడమే నయం. కారులో ఏసీ వేసుకుని అద్దం దించినా ఇదే జరుగుతుంది, చల్లగాలి, వేడిగాలి కిటికీ దగ్గరే కలుస్తాయి. తీయడానికి పావుగంట ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి. వానాకాలంలో ఏసీ నుంచి బయటికి తీసిన లెన్స్‌కు ఆవిరి పడుతుంది, సంచిలోనే అరగంట ఉంచి తీయండి. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది.

సమస్య: జంతువు నల్లబడింది, లేదా తెల్లబోయింది

ఆకాశమో చెరువు నీళ్లో వెనుక ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు మోసపోతుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (వెలుతురు సర్దుబాటును) +0.7 నుంచి +1.3 దాకా పెంచండి. ఎండుగడ్డిలో ఎండ సూటిగా పడే గుంటనక్కకు 0 లేదా -0.3. తోక చివరి నలుపులో వెంట్రుకలు కనబడుతూ, గొంతు కింది తెలుపు పోకుండా ఉంటే కొలత కుదిరినట్టే.

సమస్య: సరైన క్షణంలో కెమెరా ఆగిపోయింది

బఫర్ (కార్డుకు పోయేముందు ఫొటోలు ఆగే తాత్కాలిక మెమరీ) నిండింది. 24 మెగాపిక్సెల్ రా ఫైలు (సెన్సర్ సమాచారం మార్చకుండా దాచే ఫైలు) 25 - 30 ఎంబీ ఉంటుంది. సెకనుకు 10 ఫ్రేములంటే 250 ఎంబీ దాటుతుంది, మామూలు కార్డు అంత వేగంగా రాసుకోలేదు. కార్డు మీద వీ60, వీ90 అని ఉంటే అది కనీసం సెకనుకు 60, 90 ఎంబీ రాస్తుందని అర్థం. కంప్రెస్డ్ (సైజు తగ్గించిన) రా పెట్టి, వేలు అదిమి పట్టకుండా సెకను సెకనుగా విడిచి విడిచి తీయండి.

సమస్య: పరుగెత్తే కుందేలు చెవులు, కాళ్లు వంకరగా వచ్చాయి

ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను గీతగీతగా చదువుతుంది, ఆలోపు జంతువు జరిగిపోతుంది. పరుగుకు మెకానికల్ షట్టర్, చప్పుడు వద్దనుకునే చోట కూర్చున్న జంతువుకు ఎలక్ట్రానిక్.

సమస్య: చీకటి పడ్డాకే బయటికి వస్తున్నాయి, ఏం చేయాలి

వదిలేయాలి. రాత్రి చేన్లలో టార్చి వేస్తూ తిరిగేవాళ్లను వేటగాళ్లనే అనుకుంటారు, అనుకోవడంలో తప్పు కూడా లేదు. పైగా అడవిపందులకు పెట్టిన కరెంటు తీగలు తగిలి ములుగు, భూపాలపల్లి వైపు మనుషులు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. సాయంత్రం చేన్లోకి దిగేముందు రైతును తప్పకుండా అడగండి: "కాకా, ఈడ పందులకు కరెంటు తీగ పెడ్తున్నరా?" చేను ఎవరిదో తెలియకపోతే దిగకండి. గట్టు లేని వ్యవసాయ బావులు గడ్డిలో కనబడవు కాబట్టి తిరిగొచ్చే దారిని పగలే చూసిపెట్టుకోవాలి. అభయారణ్యం హద్దుల్లో అయితే అటవీ అధికారుల అనుమతి లేకుండా అడుగు పెట్టరాదు. ఎవరైనా వలలు, ఉచ్చులతో కనిపిస్తే ఎదురుపడకుండా వెనక్కి వచ్చి దగ్గరి అటవీ రేంజ్ ఆఫీసుకు చెప్పండి.