కొత్త బాధకు కొత్త గోలీ అడిగే ముందు: పెద్దవాళ్ల జబ్బుల సమస్య - పరిష్కారం

"ఇవన్నీ మళ్ల ఇయ్యి బిడ్డా" అని ఆ అవ్వ క్యారీబ్యాగు తెచ్చి కౌంటర్ మీద బోర్లించింది. కత్తిరించిన అట్ట ముక్కలు, సగం వాడిన స్ట్రిప్పులు, మూత లేని సిరప్ సీసా. లెక్కపెడితే పదకొండు రకాలు తేలాయి. రెండు అట్టల మీద కంపెనీ పేర్లు వేరు, లోపలున్నది మాత్రం ఒకటే బీపీ మందు, టెల్మిసార్టాన్. ఒకటి నల్లగొండలో చూసిన డాక్టర్ రాసింది. రెండోది హైదరాబాద్‌లో కొడుకు చూపించినప్పుడు రాసింది. రెండూ పొద్దున్నే వేసుకుంటోంది. పైగా, "లేస్తే కండ్లు తిరుగుతున్నయి, దానికి గూడ ఒక గోలీ ఇయ్యి" అంది.

పన్నెండో గోలీ అమ్మడం నాకు రెండు నిమిషాల పని. కానీ దేవరకొండ రోడ్డు మీద ఇన్నేళ్లు మందుల షాపు నడిపి తెలుసుకున్నది ఒకటుంది. అరవై దాటిన మనిషికి వచ్చే కొత్త బాధ చాలాసార్లు కొత్తది కాదు. అంతకుముందున్న జబ్బుకో, దానికి వాడిన మందుకో పుట్టిందే అయి ఉంటుంది. నేను డాక్టర్ని కాను. ఏ గోలీనీ మీ అంతట మీరు ఆపమని చెప్పను. దవాఖానకు పోయినప్పుడు ఏం అడగాలో, ఏం చూపించాలో చెప్తాను, అంతే.

"మోకాళ్లు గుంజుతున్నయి, నడుము వంగుత లేదు"

మా వైపు అన్నిటికంటే ఎక్కువ వినే మాట ఇదే. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు మనుషులకు ఇది వట్టి అరుగుదల కాదు. దశాబ్దాల పాటు తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్లో పేరుకుపోయి ఉంటుంది. తాగే నీళ్లలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా పర్వాలేదు అంటాయి మన దేశ ప్రమాణాలు. అంతకు ఎన్నో రెట్లు తాగిన తరం ఇప్పుడు ముసలిదైంది. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుంది. మా ఊరి పేరు అలా పుస్తకాలకెక్కినందుకు సంతోషపడాలో ఏడవాలో తెలియదు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చినా, ఎముకలో చేరింది ఒక్కరోజులో దిగిపోదు.

అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవాడు. నలభై ఐదేళ్లకే బీపీ ఉంది. తలనొప్పి లేదు, ఏమీ లేదు కాబట్టి గోలీ వేసుకోలేదు. యాభై దాటాక షుగర్ బయటపడింది. ఇక మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ గోలీ రోజుకు రెండు, ఆర్‌ఎంపీ దగ్గర వారానికో సూది. ఈ రకం నొప్పి మందులు ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలబెడతాయి, బీపీని పెంచుతాయి, బీపీ గోలీ పనిని చెడగొడతాయి, కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. అప్పటికే బీపీ, షుగర్ కలిసి నమిలేసిన కిడ్నీలు అవి. ఒంట్లో చేరిన ఫ్లోరైడును బయటికి పంపేది ముఖ్యంగా కిడ్నీలే. అవి మందగిస్తే ఫ్లోరైడు ఇంకా నిలుస్తుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది, గోలీ ఇంకొకటి పడుతుంది. గానుగెద్దులా అదే గుండ్రం. ఇరవై ఏళ్లలో ఆయనకు నాలుగు జబ్బులయ్యాయి. నాలుగింటికి నలుగురు డాక్టర్లు. ఒకరి చీటీ ఇంకొకరు చూసింది లేదు.

ఏం చేయాలి: నొప్పి గోలీ పేరు చూడండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అని ఉంటే, బీపీ, షుగర్, కిడ్నీ జబ్బుల్లో ఏది ఉన్నా డాక్టర్‌ను అడగకుండా వేయకండి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ గోలీ, మూత్రం తెప్పించే గోలీ, నొప్పి గోలీ మూడూ ఒకేసారి నడుస్తుంటే ఇంకా ప్రమాదం. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మరీను. పారాసిటమాల్ చెప్పిన మోతాదులో వాడటం, కాపడం, తొడ కండరాలకు చిన్న వ్యాయామం, చేతికర్ర - ఇవి ఆ నొప్పి గోలీలకంటే చాలా మేలు. నీళ్లు కాస్తే ఫ్లోరైడు పోదు, ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ వండడానికీ నల్లా నీళ్లే వాడండి.

'నొప్పుల పొడి' వేసుకున్న మర్నాడే లేచి ఉరుకుతున్నారంటే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించండి. అది షుగర్‌ను ఎగదోస్తుంది, ఎముకను పలచన చేస్తుంది. చాలాకాలం వాడి ఉంటే ఉన్నట్టుండి ఆపడమూ ప్రమాదమే. ఆ పొట్లం తీసుకుని డాక్టర్ దగ్గరికి పోండి.

"షుగర్ దానంతట అదే తగ్గింది"

ఇంట్లో అందరూ సంబరపడే మాట ఇది, నాకు మాత్రం గుండె గుభేలుమనే మాట. తిండి మారలేదు, గోలీ మారలేదు, పదేళ్ల షుగర్ ఉన్నట్టుండి తొంభైకి దిగిందంటే ముందు కిడ్నీని చూడాలి. ఒంట్లోని ఇన్సులిన్‌ను కరిగించి పంపడంలో కిడ్నీలకూ వాటా ఉంది. అవి దెబ్బతింటే ఇన్సులిన్, కొన్ని షుగర్ గోలీలు ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాయి. గ్లిబెంక్లమైడ్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు ఈ భయం ఎక్కువ.

చెమటలు, వణుకు, లేదంటే వట్టి తికమక మాటలు కనబడితే షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. తర్వాత కిడ్నీ సంగతి చెప్పే సీరం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించి, గోలీ మోతాదు తగ్గించాలా అని అడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా చేస్తారు.

"కాళ్లు ఉబ్బినయి"

రెండు కాళ్లా, ఒకటా? ఒక్క కాలే ఉబ్బి నొప్పిగా ఉంటే ఆ రోజే దవాఖానకు పోవాలి, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. రెండూ ఉబ్బితే గుండె, కిడ్నీ, కాలేయం చూడాలి. వాటితోపాటు చీటీలో ఆమ్లోడిపిన్ ఉందేమో కూడా చూడాలి. ఆ బీపీ గోలీతో, అందులోనూ పది మిల్లీగ్రాముల మోతాదులో, మడమల దగ్గర వాపు రావడం మామూలు. సంగతి తెలియక వాపుకు మూత్రం గోలీ రాయిస్తారు. ఆ వాపు దానికి సరిగా లొంగదు. కానీ రాత్రి నాలుగుసార్లు లేవడం మొదలవుతుంది, పొటాషియం పడిపోతుంది, ఒకరోజు బాత్రూమ్ గడపలో జారి తుంటి విరుగుతుంది. తుంటి ఎముకతో మంచం పట్టిన మనిషి కథ బీపీ గోలీ దగ్గర మొదలైందని ఎవరికీ గుర్తుండదు. "ఈ వాపు ఆమ్లోడిపిన్ వల్లనా?" అని ఒక్క మాట అడగండి. పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చుంటున్నారంటే మాత్రం అది గుండె పిలుపు, ఆలస్యం చేయొద్దు.

"లేస్తే కండ్లు తిరుగుతున్నయి"

పడుకోబెట్టి ఐదు నిమిషాల తర్వాత బీపీ చూడండి. నిలబెట్టి ఒక నిమిషానికి, మూడో నిమిషానికి మళ్లీ చూడండి. పై అంకె 20 పడిపోతే కారణం అదే. మా అవ్వకు నూట నలభై నుంచి నూట ఎనిమిదికి దిగింది. రెండు టెల్మిసార్టాన్ల మహిమ. చీటీలు రెండూ డాక్టర్ ముందు పెడితే ఒకటి కొట్టేశారు.

పాలమూరులోనైనా నల్లగొండలోనైనా పెద్దమనుషుల విషయంలో ఇంకో ప్రశ్న అడగక తప్పదు: కల్లు. చెట్టు కల్లు సంగతి వేరు. ఆల్ప్రాజోలాం, డైజిపాం అనే మత్తు మందులు కలిపిన కల్తీ కల్లు అలవాటైన మనిషి తూలుతాడు, మతిమరుపు వచ్చినట్టు మాట్లాడతాడు. దవాఖానలో చేర్చాక కల్లు అందకపోతే వణుకు, ఫిట్స్, పిచ్చి మాటలు వస్తాయి. ఇంటివాళ్లు సిగ్గుపడి దాస్తారు, డాక్టర్ పక్షవాతమేమోనని వెతుకుతాడు. దాచకండి.

"అరికాళ్లు తిమ్మిరి, మంట"

అన్నీ షుగర్ ఖాతాలో రాసేయకండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చు, తిమ్మిరి అచ్చం ఇలాగే ఉంటుంది. రక్తపరీక్షలో తేలిపోతుంది, మందూ తేలికే.

"నీరసం, రెండు సీసాలు ఎక్కించుకుంటే సరి"

సరి కాదు. గుండె, కిడ్నీ జబ్బున్న మనిషికి సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరొచ్చు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు కొబ్బరి నీళ్లు, బత్తాయి రసం కూడా అడిగి ఇవ్వాల్సినవే, పొటాషియం పెరుగుతుంది. రక్తం తక్కువైందా, థైరాయిడా అని చూడాలి. మనిషి బక్కచిక్కుతుంటే తెమడ పరీక్ష కూడా చేయించండి. షుగర్ ఉన్నవాళ్లకు క్షయ తొందరగా పట్టుకుంటుంది. కట్టెల పొయ్యి దగ్గర నలభై ఏళ్లు ఊదిన ఆడవాళ్లకు బీడీ తాగకపోయినా ఊపిరితిత్తులు పాడవుతాయని ఆయాసం చూసే డాక్టర్‌కు చెప్పండి.

సంచి సర్దడం

పిల్లలు హైదరాబాద్‌లోనో, బొంబాయిలోనో ఉంటారు. గోలీలు ఎవరు చూడాలి? ఆరు నెలలకోసారి సంచి మొత్తం, పొళ్లూ పసర్లతో సహా, ఒకే డాక్టర్ ముందు బోర్లించండి. ఏది దేనికి, ఏది ఇక అక్కర్లేదు అని అడిగి, తేదీతో ఒక నోట్‌బుక్కులో రాయించండి. బీపీ, షుగర్, బరువు, క్రియాటినిన్ అందులోనే ఉండాలి.

మా అవ్వకు చదువు రాదు. అందుకని పొద్దుటి గోలీల డబ్బా మీద సూర్యుణ్ని, రాత్రి డబ్బా మీద నెలవంకను గీసిచ్చాను. వారం తర్వాత వచ్చి, "అరటిపండు డబ్బల గోలీలు ఎప్పుడెయ్యాలె బిడ్డా, పండు తిన్నంకనా?" అని అడిగింది. అప్పట్నుంచి నెలవంక పక్కన నాలుగు చుక్కలు కూడా గీస్తున్నాను.