మోటెల్‌లో, ఆఫీసులో ఏ ఫోన్ నుంచైనా 911 నేరుగా కలవాలంటే ఏం సెట్ చెయ్యాలి

అమెరికాలో మోటెల్ నడిపేవాళ్ళు, ఆఫీసు ఫోన్ సిస్టమ్ చూసుకునే మన ఐటీ వాళ్ళు, సొంత క్లినిక్ పెట్టుకున్న డాక్టర్లు, మీ అందరి కోసం రాస్తున్నా. మీ దగ్గర ఎక్స్‌టెన్షన్లు ఉండి బయటికి కాల్ చెయ్యాలంటే ముందు 9 కొట్టే పీబీఎక్స్ (లోపలి ఫోన్లన్నిటినీ కలిపి నడిపే సిస్టమ్) ఉంటే ఇవాళే ఒక విషయం చూస్కోండి, ఎవరైనా రిసీవర్ ఎత్తి ఉత్త 911 (పోలీసు, అంబులెన్స్ లాంటివాటికి ఎమర్జెన్సీ నంబర్) నొక్కితే కాల్ వెళ్తుందా లేదా.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, 2013 డిసెంబర్ 1న టెక్సస్‌లో మార్షల్ అనే ఊళ్ళో ఒక మోటెల్ గదిలో కారీ హంట్ అనే ఆవిడని, విడిగా ఉంటున్న భర్తే పొడిచి చంపాడు. అక్కడే ఉన్న తొమ్మిదేళ్ళ కూతురు నాలుగుసార్లు 911 కొట్టింది, ఒక్కసారి కూడా కలవలేదు, ఆ ఫోన్లో బయటి లైన్ కావాలంటే ముందు ఇంకో 9 కొట్టాలి. పెద్దవాళ్ళు నేర్పింది నేర్పినట్టే చేసింది ఆ పిల్ల, తప్పంతా సిస్టమ్ సెట్టింగ్‌ది. తర్వాత కారీ నాన్న హ్యాంక్ హంట్ ఊరుకోకుండా పోరాడితే ముందు ఏ కోడ్ లేకుండా 911 నేరుగా కలవాలని కారీస్ లా అనే ఫెడరల్ చట్టం వచ్చింది, 2018 ఫిబ్రవరి 16న సంతకం అయింది, 2020 ఫిబ్రవరి 16 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీ తర్వాత తయారైన, అమ్మిన, పెట్టిన సిస్టమ్స్‌కే ఇది వర్తిస్తుంది. మాది పాతది కదా అని వదిలెయ్యకండి, చాలా పాత పీబీఎక్స్‌లలో కూడా ఇది ఒక ప్రోగ్రామింగ్ మార్పు అంతే, పైగా కొన్ని స్టేట్లకి సొంత రూల్స్ కూడా ఉన్నాయి.

ఇక పని. మొదట 911 అనే ప్యాటర్న్‌ని (సిస్టమ్ గుర్తుపట్టాల్సిన అంకెల వరసని) విడిగా పెట్టండి, ముందు ఏ కోడ్ లేకుండా. 9911 కూడా ఉంచండి, అలవాటుకొద్దీ 9 కొట్టేవాళ్ళకి అదీ కలవాలి. ఇక్కడ చాలామంది చూడని విషయం ఒకటుంది, 9తో మొదలయ్యే వేరే ప్యాటర్న్స్ ఉంటే 911 కొట్టాక సిస్టమ్ ఇంకా అంకెలు వస్తాయేమో అని ఎదురుచూస్తుంది, సిస్కో కాల్ మేనేజర్ అనే ఫోన్ సిస్టమ్‌లో ఆ టైమర్ డిఫాల్ట్‌గా 15 సెకన్లు. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని 15 సెకన్లు ఏ చప్పుడూ లేకపోతే భయంలో ఉన్న మనిషి పెట్టేసి మళ్ళీ కొడతాడు, మళ్ళీ అదే. అందుకే ఆ ప్యాటర్న్ మీద, ఎదురుచూడకుండా వెంటనే కలిపే అర్జెంట్ ప్రయారిటీ ఆప్షన్ టిక్ చెయ్యాలి. ఫ్రీపీబీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ అయితే ఔట్‌బౌండ్ రూట్‌లో (బయటికి వెళ్ళే కాల్స్ సెట్టింగ్‌లో) ఎమర్జెన్సీ ఆప్షన్ ఆన్ చేసి ఆ రూట్‌ని అన్నిటికన్నా పైన పెట్టండి.

పొరపాటున 911 పడుతోందని కొంతమంది ఆ 911 ప్యాటర్న్‌నే తీసేస్తారు. 9 కొట్టి, లాంగ్ డిస్టెన్స్‌కి 1 కొట్టి, చెయ్యి జారి ఇంకో 1 పడితే అయిపోయింది, నిజమే. కానీ దానికి మందు బయటి లైన్ కోడ్‌ని 9 నుంచి 8కి మార్చడం, లేదా కోడే ఎత్తెయ్యడం. పొరపాటున కలిస్తే పెట్టేయొద్దు, లైన్లో ఉండి తప్పుగా తగిలింది అని చెప్పాలి, స్టాఫ్‌కి ఇది ముందే చెప్పి పెట్టండి.

లాబీ ఫోన్, లిఫ్ట్ దగ్గర ఫోన్, చెక్ అవుట్ అయ్యాక లాక్ చేసిన రూమ్ ఫోన్, ఇవన్నీ బయటి కాల్స్ బ్లాక్ చేసి ఉంటాయి కదా, ఆ బ్లాక్ 911కి తగలకూడదు. ఒక్కో రకం ఫోన్ నుంచి విడిగా చూడాలి.

రెండోది నోటిఫికేషన్. ఏ గదినుంచైనా 911 వెళ్తే ఫ్రంట్ డెస్క్‌కో సెక్యూరిటీకో వెంటనే తెలియాలి, సిస్టమ్‌లో ఆ సౌకర్యం ఉంటే అది పెట్టడం తప్పనిసరి. కాల్ వెళ్ళిందని, తిరిగి చెయ్యాల్సిన నంబర్, ఏ చోటు నుంచి అనే వివరం, మూడూ రావాలి. ఈమెయిల్, ఎస్సెమ్మెస్, స్క్రీన్ మీద పాపప్ ఏదైనా పర్లేదు కానీ రాత్రి రెండింటికి కూడా మనిషి కంటపడేదే పెట్టండి, ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌కి పంపితే ఏం లాభం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, కాల్‌ని ముందు ఫ్రంట్ డెస్క్‌కి తిప్పి వాళ్ళచేత 911 చేయించకూడదు. కాల్ నేరుగా వెళ్ళాలి, డెస్క్‌కి కబురు పక్కనుంచి రావాలి.

మూడోది అడ్రస్. రే బామ్స్ యాక్ట్ అనే ఇంకో ఫెడరల్ చట్టం కింద వీధి అడ్రస్ ఒక్కటే చాలదు, ఫ్లోర్, రూమ్ నంబర్ లాంటివి కూడా 911 సెంటర్‌కి చేరాలి. కదలని ఫోన్లకి 2021 జనవరి 6 నుంచి, ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌ఫోన్ (ఫోన్‌లా పనిచేసే ప్రోగ్రామ్) లాంటివాటికి 2022 జనవరి 6 నుంచి ఈ రూల్ ఉంది. మూడంతస్తుల బిల్డింగ్‌లో మెయిన్ నంబర్ ఒక్కటే వెళ్తే అంబులెన్స్ గేటు దాకా వచ్చి ఏ గదో తెలియక తలుపులు తట్టుకుంటూ తిరగాలి. మన అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి మీ మోటెల్లోనే ఉంటున్నారనుకోండి, వాళ్ళకి మనం నేర్పేది 911 కొట్టమని ఒక్కటే, ఆ కంగారులో ఇంగ్లీషులో అడ్రస్ చెప్పలేకపోవచ్చు, అప్పుడు సిస్టమ్ పంపే ఆ రూమ్ నంబరే దిక్కు. అందుకని ఫ్లోర్‌కో రూమ్‌కో విడిగా నంబర్ ఇచ్చి మీ ప్రొవైడర్ పోర్టల్‌లో ఆ అడ్రస్ రిజిస్టర్ చేయించండి. ఇంటినుంచి పనిచేసే స్టాఫ్ ఉంటే వాళ్ళ ఇంటి అడ్రస్ పెట్టాలి, ఇల్లు మారితే మార్చాలి. 911 వాళ్ళు తిరిగి ఫోన్ చేస్తే ఆ కాల్ రికార్డెడ్ మెనూలో ఇరుక్కోకుండా చూడండి.

కరెంటు సంగతి కూడా. నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే ఐపీ ఫోన్లకి మామూలుగా కరెంటు నెట్‌వర్క్ స్విచ్ నుంచే వస్తుంది కాబట్టి ఆ స్విచ్, రూటర్, పీబీఎక్స్ మూడూ యూపీఎస్ మీద ఉండాలి, ఇంటర్నెట్ పోతే వాడుకోడానికి ఒక అనలాగ్ లైనో సెల్యులార్ బ్యాకప్పో ఉండాలి.

టెస్ట్ ఎలా అంటే, చాలా వాయిప్ (ఇంటర్నెట్ ఫోన్) ప్రొవైడర్లలో 933 కొడితే మీ పేరు మీద ఉన్న అడ్రస్ మెషీన్ చదివి వినిపిస్తుంది, రూమ్ నంబర్ దాకా సరిగ్గా ఉందో లేదో వినండి. నిజంగా 911 కే కొట్టి చూడాలంటే మాత్రం ముందు మీ ఊరి నాన్-ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి ఏ టైమ్‌లో చెయ్యమంటారో అడిగి, వాళ్ళు ఒప్పుకున్నాకే చెయ్యండి, కలిశాక ఇది టెస్ట్ కాల్ అని మొదటి మాటే చెప్పండి. ప్రొవైడర్‌ని మార్చినా, గదుల నంబర్లు మార్చినా, ఒక ఫోన్ తీసి ఇంకో ఫ్లోర్‌లో పెట్టినా, ఆ రోజే మళ్ళీ టెస్ట్ చెయ్యండి.