అరుదుగా వినిపించే కాన్చెర్టోలు: శ్రవణ సాధన – 4వ పాఠం: ట్రిల్‌ను గుర్తుపట్టడం

గత పాఠంలో ఆర్కెస్ట్రా ఒక్కటే వాయించే ఆరంభ భాగాన్ని, పియానో ఇంకా రాలేదేమని విసుగు చెందకుండా వినడం సాధన చేశాము. ఈసారి పియానో వచ్చిన తరువాత దారి తప్పకుండా ఉండడం ఎలాగో చూద్దాం. అందుకు యోహాన్ నెపొముక్ హుమెల్ రచించిన ఎ మైనర్ కాన్చెర్టో, ఓపస్ 85, మొదటి భాగాన్ని తీసుకుంటున్నాను. కాన్చెర్టో అంటే ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి నడిచే రచన. ఎ మైనర్ అన్నది దాని ఆధారస్వరాన్ని, స్వరశ్రేణిని తెలుపుతుంది, ఓపస్ అన్నది రచన సంఖ్య. స్టీఫెన్ హఫ్ పియానో వాయించగా బ్రైడెన్ థామ్సన్ నిర్వహణలో ఇంగ్లిష్ ఛేంబర్ ఆర్కెస్ట్రా సహకరించిన, చాండోస్ సంస్థ వెలువరించిన రికార్డు మన ఆధారం. 1987లో గ్రామఫోన్ పత్రిక పురస్కారం పొందిన ఈ రికార్డులోనే బి మైనర్ కాన్చెర్టో, ఓపస్ 89, కూడా ఉన్నది.

హుమెల్ (1778–1837) బాల్యంలో సుమారు రెండేళ్లు వియన్నాలో మోజార్ట్ ఇంట్లోనే ఉండి నేర్చుకున్నవాడు. పియానో స్వరకర్త షోపాన్ తన శిష్యులకు ఈయన రచనలు నేర్పేవాడు. ఇంతటివాడు కచేరీ వేదికల మీద అరుదైపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఇక వినండి. పియానో ప్రవేశించిన కొద్దిసేపటికే కుడిచేతి రాగరేఖ చుట్టూ చిన్న చిన్న స్వరాల అల్లికలు పెరుగుతాయి. ఇవి ఆడంబరం మాత్రమే కావు. ఆనాటి వియన్నా పియానోలలో తోలు తొడిగిన తేలికపాటి సుత్తులు తీగను తాకేవి. నాదం స్పష్టంగా పలికి త్వరగా అణగిపోయేది కనుక, దీర్ఘస్వరం మిగిల్చే ఖాళీని అల్లికతో నింపడం స్వరకర్తకు అవసరమూ అయింది. హఫ్ వాయించేది నేటి పెద్ద పియానో అయినా, ఆ తేలికదనాన్ని ఆయన వేళ్లు పోగొట్టలేదు. కృతిలో ఒక పంక్తిని సంగతుల మీద సంగతులుగా పెంచడం విని అలవాటైన చెవికి ఈ అల్లిక కొత్తగా ఉండదు. కొత్తగా ఉండేది ఆధారస్వరమే కదలడం. ఎ మైనర్‌లో మొదలైన సంగీతం పియానో తొలి ఘట్టం ముగిసేసరికి సి మేజర్‌కు చేరుతుంది. తంబురా శ్రుతిని మనసులో పట్టుకొని కూర్చుంటే ఇక్కడే చెవి తడబడుతుంది.

ఆ తడబాటుకు మందు ట్రిల్. పక్కపక్కనున్న రెండు స్వరాలను అతివేగంగా మార్చిమార్చి పలికించడమే ట్రిల్. మెట్ల వాద్యం కనుక ఇందులో జారు ఉండదు, దీనిని గమకంగా పొరబడకూడదు. పరుగులన్నీ ముగిశాక కుడిచేయి ఒక పొడవైన ట్రిల్ మీద నిలిచిందంటే, ఘట్టం ముగియబోతున్నదని, ఆర్కెస్ట్రా పూర్తి బలంతో అందుకోబోతున్నదని అర్థం. తీర్మానం పడబోతున్నదని మృదంగం ముందే తెలిపినట్టుగా ఇది పనిచేస్తుంది. 1828లో వెలువరించిన తన పియానో బోధన గ్రంథంలో హుమెల్, ట్రిల్‌ను పై స్వరంతో కాక ప్రధాన స్వరంతోనే మొదలుపెట్టాలని చెప్పాడు. అంతకుముందు వాడుక ఎక్కువగా దీనికి భిన్నం.

సాధన: మొదటి భాగాన్ని మూడుసార్లు వినండి. మొదటిసారి ఏమీ రాయవద్దు. రెండవసారి పొడవైన ట్రిల్ వినిపించిన ప్రతిచోటా నిమిషం, సెకను రాసుకోండి. అల్లికలో దొర్లిపోయే చిన్న ట్రిల్‌లను వదిలేయండి. మూడవసారి ఆ గుర్తుల దగ్గర ఆర్కెస్ట్రా నిజంగా అందుకున్నదా, లేక పియానో మిమ్మల్ని ఊరించి ముందుకు సాగిపోయిందా అన్నది సరిచూసుకోండి. ఈ కాగితాన్ని దాచి ఉంచండి. 5వ పాఠంలో బి మైనర్ కాన్చెర్టో గుర్తులను దీని పక్కనే పెట్టి చూస్తాము.