దీపాల ఫొటోలా? రా (RAW) ఫార్మాట్‌లో తీయండి, వెలుగు తగ్గించి తీయండి

కార్తీక పౌర్ణమికి ఘాట్ దగ్గర తీసిన ఫొటోల్లో దీపం తెల్లటి మచ్చలా, పక్కనున్న అమ్మ చీర కాటుకలా నల్లగా వస్తోందా? ఈసారి ఫోన్‌లో రా, అంటే కెమెరా పట్టిన వివరాలను పెద్దగా మార్చకుండా దాచే ఫార్మాట్, ఆన్ చేసి చూడండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ ఆప్షన్ కెమెరా ప్రో మోడ్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, ఫైలు డీఎన్‌జీ (DNG) అనే రా ఫైలుగా సేవ్ అవుతుంది.

అసలు కిటుకు తీసేటప్పుడే ఉంది. దీపం మంట మీద వేలితో నొక్కి, ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు) మైనస్ 1 దాకా దించండి. స్క్రీన్ మీద అంతా చీకటిగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. మామూలు ఫొటో ఫైలైన జేపెగ్‌లో ఒక్కో రంగుకు వెలుగు మెట్లు 256 మాత్రమే ఉంటాయి, 10 బిట్ల రాలో 1024. అందుకే నీడలో దాగిన చీర అంచును తర్వాత పైకి లాగొచ్చు. తెల్లగా మాడిపోయిన మంటను మాత్రం ఏ యాప్ వెనక్కి తేలేదు.

తర్వాత ఫొటోలు దిద్దే యాప్ లైట్‌రూమ్‌లో తెరిచి హైలైట్స్ తగ్గించి, షాడోస్ 40 దాకా పెంచి ఆపేయండి. నేను మొదట్లో ఆశకు పోయి 100కి లాగితే నీళ్ల మీద ఇసుక చల్లినట్టు గింజలు తేలాయి! వైట్ బ్యాలెన్స్‌లో పసుపు కూడా మరీ తీసేయొద్దు, దీపం కాస్తా ట్యూబ్‌లైట్ అయిపోతుంది.

ఒక్కో ఫైలు 20 ఎంబీ దాటొచ్చు కాబట్టి ప్రతి సెల్ఫీకీ ఇది అక్కర్లేదు. చుట్టాలకు పంపేటప్పుడు జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి, లేదంటే "ఫొటో ఓపెన్ కావట్లేదురా" అని ఫోన్లు వస్తాయి.