సీనియర్ అనే మాటను ఎక్కడ, ఎలా వాడాలి?

సీనియర్ అనే మాట తెలుగులో బాగా కలిసిపోయింది గాని, ఒక్క అర్థంతో కలిసిపోలేదు. హైదరాబాదు సిటీ బస్సులో సీటు పైన రాసి ఉండే సీనియర్ సిటిజన్ అనే పదం వయసును చెబుతుంది. సీనియర్ ఇంటర్ అన్నప్పుడు అది చదువుతున్న సంవత్సరాన్ని, ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు అన్నప్పుడు పోస్టు స్థాయిని, మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టులో సీనియర్ అడ్వకేటు అన్నప్పుడు న్యాయస్థానం ఇచ్చిన హోదాను తెలుపుతుంది. ఒకే మనిషి ఒక కొలత ప్రకారం సీనియరు, మరో కొలత ప్రకారం జూనియరు కావచ్చు. అందువల్ల అర్జీలోనో, వార్తలోనో, ఉద్యోగ దరఖాస్తులోనో ఈ మాట రాసే ముందు "దేనిలో సీనియర్?" అని చూసుకొని, సమాధానం వాక్యంలోనే కనబడేటట్లు రాయాలి.

ముందుగా వ్యాకరణం సంగతి చూద్దాం. లాటిన్ భాషలో సెనెక్స్ అంటే ముసలివాడు, సీనియర్ అంటే అంతకంటె పెద్దవాడు. రోమన్ల పెద్దల సభకు సెనేట్ అనే పేరు ఆ సెనెక్స్ నుంచే వచ్చింది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన సర్ అనే పిలుపు కూడా సీనియర్‌లోనుంచి పుట్టినదే కాబట్టి, కాలేజీలో "సీనియర్ సర్" అని పిలిచే కుర్రవాడు తనకు తెలియకుండానే ఒక మాటను రెండుసార్లు పలుకుతున్నాడన్నమాట. పోలిక ఆ మాటలోనే ఇమిడి ఉన్నందువల్ల ఇంగ్లీషులో దాని పక్కన దాన్ (than) రాదు, టు (to) వస్తుంది. మన వాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. తెలుగులో "నాకంటే సీనియర్" అనీ అంటాం, "నాకు సీనియర్" అనీ అంటాం. మొదటిదాన్ని మనసులో పెట్టుకొని ఇంగ్లీషులో రాస్తే "సీనియర్ దాన్ మీ" అనే తప్పు వాక్యం వస్తుంది, రెండోదాన్ని తలచుకొని రాస్తే "సీనియర్ టు మీ" అనే సరైన వాక్యం వస్తుంది. "ఆయన నాకు రెండేళ్లు సీనియర్" అనే అచ్చమైన తెలుగు వాడుకను గుర్తుపెట్టుకుంటే వేరే సూత్రం అక్కర్లేదు. జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్, ప్రయర్ అనే మాటలకూ ఇదే వరస. అయితే మోర్ సీనియర్ అని రాసినప్పుడు దాని వెంట దాన్ రావడం నేటి ఇంగ్లీషులో చెల్లుతుంది. మోర్ లేకుండా దాన్ చేర్చడమే చెల్లదు. మన కార్యాలయాల్లో విరివిగా వినబడే సీనియర్‌మోస్ట్ భారతీయ ఇంగ్లీషు ప్రయోగం. ఇక్కడి ఫైళ్లలో దానికి అభ్యంతరం లేదు గాని, విదేశీ సంస్థకు రాసే ఉత్తరంలో మోస్ట్ సీనియర్ అని రాయడం మేలు.

తోబుట్టువుల విషయంలో ఈ మాటను వాడకూడదు. అన్నయ్యను, అక్కయ్యను ఇంగ్లీషులో ఎల్డర్ అంటారే గాని సీనియర్ అనరు.

వయసును ఉద్దేశించి రాసేటప్పుడు ఏ చట్టం, ఏ పథకం గురించి రాస్తున్నారో చూసుకోవడం తప్పనిసరి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమానికి సంబంధించిన 2007 నాటి కేంద్ర చట్టం ప్రకారం 60 ఏళ్లు నిండిన భారత పౌరులు సీనియర్ సిటిజన్లు. ఆదాయపు పన్ను లెక్కల్లో 60 నిండినవారు సీనియర్లు, 80 నిండినవారు సూపర్ సీనియర్లు. పాత పన్ను విధానంలో మొదటివారికి 3 లక్షల రూపాయల వరకు, రెండోవారికి 5 లక్షల వరకు పన్ను ఉండదు. రైళ్లలో కింది బెర్తుల కోటాకు పురుషులకు 60 ఏళ్లు నిండాలి, స్త్రీలకు 45 నిండితే చాలు. పోస్టాఫీసులోని సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో మామూలుగా 60 ఏళ్లవారే చేరగలరు గాని, స్వచ్ఛంద పదవీ విరమణ చేసినవారు కొన్ని షరతులకు లోబడి 55 నుంచే చేరవచ్చు. కాబట్టి "సీనియర్ సిటిజన్లకు రాయితీ" అని రాసి వదిలేస్తే సమాచారం సగమే ఇచ్చినట్లు. ఎన్నేళ్లు నిండినవారికో, ఏ తేదీ నాటికి నిండాలో కూడా రాయాలి. ఇది కాగితం మీద వాడే మాట అన్న సంగతీ మరవకూడదు. ఎదుట నిలబడిన మనిషిని "మీరు సీనియర్ సిటిజన్ కదా, ఇక్కడ కూర్చోండి" అనడం కంటే "పెద్దవారు, కూర్చోండి" అనడం మన మర్యాదకు దగ్గరగా ఉంటుంది.

ఈ మాట బరువు అసలు తెలిసేది ప్రభుత్వోద్యోగంలోనే. అక్కడ సీనియారిటీకి వయసుతో నేరుగా సంబంధం లేదు. ఏ కేడర్‌లో ఎప్పుడు నియామకం జరిగింది, ఒకే నోటిఫికేషన్ ద్వారా ఎంపికైనవారి మధ్య మెరిట్ వరసలో ఎవరు పైన ఉన్నారు అనేవి ముఖ్యం. 2014లో జూనియర్ అసిస్టెంటుగా చేరిన యువకుడు, 2018లో అదే పోస్టులో చేరిన నడివయసు మనిషికి మామూలుగా సీనియర్ అవుతాడు. ఆ పెద్దాయన అతణ్ని "బాబూ" అని పిలిచినా జాబితాలో అతని పేరు పైనే ఉంటుంది. ఇంకో మెలిక ఏమిటంటే, సీనియర్ అసిస్టెంటు అనేది పోస్టు పేరు, సీనియారిటీ అనేది ఆ పోస్టులో ఉన్నవారి వరస. అందుకే "సీనియర్ అసిస్టెంట్లలో జూనియర్" అనే వాక్యం వినడానికి వింతగా ఉన్నా పూర్తిగా సరైనదే. "మా సెక్షన్ సీనియర్ అసిస్టెంటు నాకంటే జూనియర్" అని ఎవరైనా అంటే మాత్రం సర్వీసులో జూనియరా, వయసులో జూనియరా అని అడిగి తెలుసుకోవాలి.

తెలంగాణలో ఈ వరస ఉద్యోగుల జీవితాలను ఎంతగా మార్చగలదో 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో చూపించింది. కొత్త జిల్లాలకు, జోన్లకు ఉద్యోగులను కేటాయించేటప్పుడు సీనియారిటీ వరసలో ఐచ్ఛికాలు తీసుకున్నందువల్ల, జాబితాలో కింద ఉన్న చాలామంది సొంత జిల్లా వదిలి వెళ్లవలసి వచ్చింది. ఉపాధ్యాయుల్లో స్థానికత పెద్దదా, సీనియారిటీ పెద్దదా అనే వాదం అప్పుడు వీధికెక్కింది. అలాంటి సందర్భంలో సీనియర్ అనే విశేషణానికి విలువ లేదు. తేదీకి, వరస సంఖ్యకు మాత్రమే విలువ ఉంటుంది.

తాత్కాలిక సీనియారిటీ జాబితా విడుదల అయ్యాక అభ్యంతరం రాయవలసి వస్తే, "నేను సీనియర్‌ను, నాకు అన్యాయం జరిగింది" అనే వాక్యంతో మొదలుపెట్టకండి. "నేను ఫలానా కేడర్‌లో ఫలానా తేదీన నియమితుడనయ్యాను, నియామక ఉత్తర్వు ప్రతిని జతపరిచాను. తాత్కాలిక జాబితాలో నాకు పైన, ఫలానా వరస సంఖ్య వద్ద చూపిన ఉద్యోగి అదే కేడర్‌లో నా తర్వాత నియమితులయ్యారు. కావున తుది జాబితాలో నా స్థానాన్ని సవరించవలసిందిగా మనవి" అని రాస్తే చాలు. ఇందులో సీనియర్ అనే పదం ఒక్కసారి కూడా రాలేదు. అయినా చెప్పవలసింది చెప్పడం జరిగింది. ఎదుటి ఉద్యోగి ఒకే నోటిఫికేషన్‌లో ఎంపికైనవారైతే చేరిన తేదీతో వాదించి లాభం ఉండదు, మెరిట్ ర్యాంకును చూపించాలి.

వరసలో పైన ఉన్నవారిని పక్కన పెట్టి కిందివారికి పదవి ఇవ్వడాన్ని సూపర్‌సీడ్ చేయడం అంటారు. 1973లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఎ.ఎన్.రేను నియమించినప్పుడు ఆయనకు సీనియర్లయిన షెలత్, హెగ్డే, గ్రోవర్‌లను దాటవేశారు; ఆ ముగ్గురూ రాజీనామా చేశారు. అక్కడ సీనియారిటీని లెక్కించేది ఆ న్యాయస్థానంలో నియామకం పొందిన క్రమాన్ని బట్టి, పుట్టిన తేదీని బట్టి కాదు.

కోర్టుల సంగతి వచ్చింది కాబట్టి పత్రికలవారు తరచూ చేసే పొరపాటును కూడా చెప్పాలి. ముప్ఫై ఏళ్లుగా వాదిస్తున్న ప్రతి లాయరునూ "సీనియర్ న్యాయవాది" అని రాసేస్తారు. 1961 నాటి అడ్వకేట్ల చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం సీనియర్ అడ్వకేటు అనేది సుప్రీంకోర్టు గాని, హైకోర్టు గాని న్యాయవాది సమ్మతితో ఇచ్చే హోదా. ప్రతిభ, న్యాయవాదుల్లో ఉన్న స్థానం, చట్టంలో ప్రత్యేక పరిజ్ఞానం చూసి దాన్ని ఇస్తారు. హోదాతోపాటు కట్టుబాట్లు కూడా వస్తాయి: సీనియర్ అడ్వకేటు వకాల్తా దాఖలు చేయరాదు, మరో న్యాయవాది వెంట లేకుండా కేసులో హాజరు కారాదు. కాబట్టి ఆ హోదా లేనివారిని "అనుభవజ్ఞుడైన న్యాయవాది" అని గాని, "ఎన్నో ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాది" అని గాని రాయడం సబబు. నాంపల్లి కోర్టు వరండాలో మాత్రం దీనికి మూడో అర్థం ఉంది. ఏ న్యాయవాది ఆఫీసులో పని నేర్చుకుంటున్నారో ఆ న్యాయవాది వారికి సీనియర్. "మా సీనియర్ హైకోర్టులో ఉన్నారు, పాస్ ఓవర్ ఇప్పించండి" అని, అంటే కేసును కాసేపు ఆగి పిలవమని జడ్జిని వేడుకునే కుర్ర లాయరు చెప్పే సీనియర్‌కు హైకోర్టు హోదా ఉండవలసిన అవసరం లేదు.

ఆసుపత్రి భాష కూడా ఇలాంటిదే. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో సమ్మె వార్తలు రాసేటప్పుడు పత్రికలు వాడే జూడాలు అనే పదం జూనియర్ డాక్టర్లకు కుదింపు. అందులో హౌస్ సర్జన్లు, పీజీ విద్యార్థులు ఉంటారు. సీనియర్ రెసిడెంట్ అంటే పీజీ పూర్తయ్యాక చేసే పోస్టు. అందువల్ల సీనియర్ రెసిడెంట్‌ను "సీనియర్ డాక్టర్" అని రాస్తే చదివేవారు తలనెరిసిన ప్రొఫెసరును ఊహించుకుంటారు.

హైదరాబాదులో సినిమావాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్ వీధుల్లో వినబడే జూనియర్ ఆర్టిస్టు అనే మాటను చూస్తే వయసుకూ ఈ పదాలకూ ఉన్న దూరం ఇంకా బాగా తెలుస్తుంది. పెళ్లి సన్నివేశంలో వెనక వరసలో కూర్చునే డెబ్బై ఏళ్ల తాత కూడా జూనియర్ ఆర్టిస్టే. దానికి ఎదురుగా సీనియర్ ఆర్టిస్టు అనే వర్గం లేదు. సీనియర్ నటుడు అంటే చాలాకాలంగా నటిస్తున్నవారని మాత్రమే అర్థం.

ఒకే పేరున్న ఇద్దరిని వేరుచేయడానికి ఇంగ్లీషువారు సీనియర్, జూనియర్ అనే మాటలను పేరు చివర చేర్చుతారు, అదీ సాధారణంగా తండ్రీ కొడుకుల మధ్యనే. మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ అంటే ఆయన తండ్రి పేరూ అదేనని అర్థం. మన సినీ సాహిత్యంలో సముద్రాల సీనియర్, సముద్రాల జూనియర్ అన్నది సరిగ్గా ఈ పద్ధతే. తండ్రి రాఘవాచార్య, కొడుకు రామానుజాచార్య. తర్వాత తర్వాత మనం ఈ మాటలను పేరుకు ముందు పెట్టడం అలవాటు చేసుకున్నాం, వాటికి తండ్రీ కొడుకుల వరసా అక్కర్లేకపోయింది. సీనియర్ ఎన్టీఆర్ తాత, జూనియర్ ఎన్టీఆర్ మనవడు. తెలుగులో ఇది స్థిరపడిన వాడుక గనుక తప్పు పట్టనవసరం లేదు. ఇంగ్లీషు వ్యాసంలో మాత్రం కొత్త పాఠకుడు వారిని తండ్రీ కొడుకులుగా పొరబడే అవకాశం ఉన్నందున, బంధుత్వాన్ని ఒక ముక్కలో చెప్పడం మంచిది.

అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసే విద్యార్థులు రెండు విషయాలు గమనించాలి. మన కాలేజీల్లో సీనియర్ అంటే మనకంటే పై సంవత్సరంలో ఉన్న ఎవరైనా కావచ్చు. రెండో సంవత్సరం విద్యార్థి మొదటి సంవత్సరం వారికి సీనియరే. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీలో వరసగా ఫ్రెష్‌మన్, సొఫమోర్, జూనియర్, సీనియర్ అనే పేర్లున్నాయి; కాబట్టి అక్కడ సీనియర్ అంటే చివరి సంవత్సరం విద్యార్థి. "మా సీనియర్ ప్రోత్సాహంతో ఈ ప్రాజెక్టు చేశాను" అనే భావాన్ని ఉన్నదున్నట్లు ఇంగ్లీషులో పెడితే అక్కడివారికి వేరే బొమ్మ కనబడుతుంది. ఏ సంవత్సరం విద్యార్థో రాస్తే సరిపోతుంది. రెండోది జూనియర్ కాలేజీ. ఇక్కడ అది ఇంటర్ చదివే చోటు, అక్కడ పాఠశాల చదువు పూర్తయిన తర్వాత రెండేళ్లు చదివే కాలేజీ. అందువల్ల ఇంటర్‌ను పదకొండు, పన్నెండు తరగతులుగా వివరించి రాయాలి.

హైటెక్ సిటీ కంపెనీల్లో సీనియర్ ఇంజినీరు అనే హోదాకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఒక చోట మూడేళ్లకే ఇచ్చే పేరును మరో చోట ఏడేళ్లకు ఇస్తారు. కంపెనీ ఇచ్చిన హోదాను రెజ్యూమెలో మార్చకుండా రాసి, పక్కనే అనుభవం ఎన్నేళ్లో, ఎంతమంది పనిని చూసుకున్నారో రాయండి. కంపెనీ ఇవ్వని సీనియర్‌ను మీ అంతట మీరు చేర్చుకుంటే, పాత యాజమాన్యం ఇచ్చిన అనుభవ ధ్రువపత్రంతో పోల్చి చూసినప్పుడు ఆ తేడా బయటపడుతుంది.